వాసన రాని పేలిక

డోవర్టన్, కాన్సాస్
ఏప్రిల్ 20, 1984

చెకుముకి తుపాకుల చక్రవర్తి, హెమ్లాక్ ఫోర్క్ సంస్థానాధీశుడు, మా అమ్మకు ఒక్కగానొక్క అన్న అయిన లూథర్ మామయ్య సముఖానికి,

రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, దాన్ని ఏ గోడకు తగిలించాలో తెలియక తమరి కొట్టంలో తుపాకి గొట్టాలు తుడుస్తూ కాలక్షేపం చేసిన మేనల్లుడు కర్టిస్ వినయంగా మనవి చేసుకొనేదేమనగా: ఉద్యోగం దొరికింది. కళ్ళు తుడుచుకో. అమ్మ ఇప్పటికే తుడుచుకుంది.

కంపెనీ అనగానే ఏదో ఊహించుకోకు. గోధుమ పొలాల మధ్య రేకుల షెడ్డు, నలుగురు మనుషులు, ఒక పిల్లి. యజమాని పేరు ట్రాస్క్. తయారుచేసేది తుపాకిమందుకు మారుమందు. నవ్వకు. శీతాకాలంలో తూర్పున ఆ మందు మిల్లు పేలిపోయి తలుపులు మూసుకున్నాక, అసలు మందు చేసేవాడు ఈ దేశంలో మిగల్లేదని నువ్వే కదా ఫోన్లో అరగంట తిట్టావు. ఉన్న కాసిన్ని డబ్బాలు అమ్ముదామన్నా బీమావాళ్ళు దుకాణదార్లని బెదిరిస్తున్నారనీ అన్నావు. ట్రాస్క్ మారుమందులో గంధకం లేదు. అసలు మందులాగా ఉలిక్కిపడే గుణమూ లేదు. పప్పుల డబ్బా పక్కన పెట్టి అమ్ముకోవచ్చు. కొడితే మండే చిన్న రాగి కేపులు పెట్టి పేల్చే తుపాకుల్లో దివ్యంగా పనిచేస్తోంది.

చిక్కల్లా మన చెకుముకితోనే. దీన్ని అంటించాలంటే అసలు మందుకంటే బాగా ఎక్కువ వేడి కావాలి. కేపు అయితే మంటను సూటిగా లోపలికి కొడుతుంది. మనదేమో రాయి ఉక్కురేకును గీకాలి, నిప్పురవ్వలు గొట్టం పక్కనున్న దొప్పలో వేసిన చిటికెడు రంజకం మందు మీద రాలాలి, ఆ మంట పక్క బెజ్జంలోంచి దూరి లోపలి మందును బతిమాలాలి. ఈ బతిమాలే సంగతంతా ట్రాస్క్‌కి వివరిస్తే ఆయన, "దేశంలో చెకుముకివాళ్ళందర్నీ కలిపితే ఒక చర్చి నిండదు కదయ్యా" అన్నాడు. "ఆ చర్చి మా ఊళ్ళోనే ఉందండీ" అన్నాను. క్రిస్మస్ వెళ్ళాక జింకలవేటకు చెకుముకి తప్ప ఇంకేదీ పట్టుకోకూడదని మా రాష్ట్రంలో చట్టమే ఉందని కూడా చెప్పాను. చట్టం అన్న మాట ఆయనకు నచ్చింది. శరదృతువుదాకా గడువిచ్చాడు. నిజమైన చెకుముకి, నిజమైన ఓపిక ఉన్న మనిషి కావాలన్నాడు. మొదటిది ఉన్న మనిషిని ఎరుగుదునన్నాను.

కనుక రెండు డబ్బాలు వేరే పార్సిల్లో వస్తున్నాయి. ఆజ్ఞలు ఆలకించు. తక్కెడ ముట్టుకోకు, ఎప్పటిలాగే కొలతగిన్నెతో పొయ్యి. దొప్పలో రంజకంగా అసలు మందే వెయ్యి, అక్కడ మాది పలకదు. గొట్టంలో మాత్రం మాది తప్ప ఇంకేదీ పడకూడదు. దొప్ప భగ్గుమన్నాక లోపలిది పలక్కపోతే తుపాకి దించకు, గురిమీదే పట్టుకుని ఉండు. ఇవి నువ్వు నాకు నేర్పినవే. జీతం తీసుకుంటున్నాను గనక తిరిగి నీకే నేర్పుతున్నాను. ప్రతిసారీ గొట్టం అడుగున తుడిచిన గుడ్డపేలికలు మైనపు కాగితంలో చుట్టి పంపు, తుప్పు ఎలా పడుతోందో చూడాలి.

ఇది పలికితే నీ తుపాకులు ఇంకో వందేళ్ళు పలుకుతాయి మామయ్యా. ఈ ఒక్క వాక్యం వేళాకోళం కాదు.

విధేయుడు (జీతం ఇచ్చేవాడికి), మేనల్లుడు (నీకు),
కర్టిస్

*

హెమ్లాక్ ఫోర్క్, పెన్సిల్వేనియా
మే 14

ఒరే కర్టిస్,

డబ్బాలు అందాయి. నీ మందు చూడ్డానికి వాడేసిన కాఫీపొడి ఎండబెట్టినట్టుంది. క్లీట్ వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకుని, వాళ్ళావిడ వంటకన్నా నయమన్నాడు. వాడి సంగతి తెలుసుగా, నలభై ఏళ్ళుగా నా పక్కన నిలబడి కాల్చేదీ వాడే, నా గురిని ఎగతాళి చేసేదీ వాడే.

శనివారం పొద్దున్నే మా తుపాకుల క్లబ్బు మైదానంలో పెట్టుకున్నాం. నువ్వు చెప్పినట్టే చేశాను. రాయి గీసింది, దొప్ప మెరిసింది, అంతే. నేను గురిమీదే ఉన్నాను. క్లీట్ సీసాలోంచి ఊరగాయ గుడ్డు ఒకటి తీసి, ఒలికిన పులుపు తుడుచుకుని, తీరిగ్గా తిని, "లూథర్, నీ తుపాకి ఇంకా ఆలోచిస్తోందా?" అన్నాడు. మళ్ళీ రంజకం వేశాను. మళ్ళీ మెరుపే. బెజ్జం సూదితో పొడిచి, రాయి మార్చి, గొట్టం ఆరబెట్టి, నాకు తెలిసినవన్నీ చేశాను. రోజంతా మీద ఒక్కటి పేలింది, అదీ ఆలస్యంగా, బలవంతాన లేపిన మనిషి గొణిగినట్టు. తుపాకి దించకుండా ఉన్నాను గనక ఆ గుండు మట్టిదిబ్బలోకే పోయింది. దించి ఉంటే క్లీట్ బూటులోకి పోయేది. అది నష్టమేమీ కాదని నేనన్నాను.

కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతున్నాను. పేలికలు పంపడానికేం లేవు, మురికి పడితేగా తుడవడానికి.

నేను చేసిన రెండు తుపాకులకు బేరాలు వెనక్కి పోయాయి. ఇద్దరూ మంచివాళ్ళే, తిట్టలేను. "బాగా చేస్తావు లూథర్, కానీ మేత దొరకని గుర్రాన్ని కొని ఏం చేసుకుంటాం" అన్నారు. ఏం చెప్పను? ఊటబావి గదిలో నా దగ్గర ఒక్క డబ్బా అసలు మందు ఉంది, దాదాపు నిండుగా. క్లబ్బుకి ఉన్నది వేరే. దాన్ని జులై నాలుగున స్వాతంత్ర్య దినం ఫిరంగికి పోసేస్తామని కమిటీ తీర్మానం చేసింది. ఇంకెక్కడా గింజ దొరకదని తెలిసి చేశారు. చేతులెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. జులై నాలుగున ఫిరంగి మూగదైతే ఊళ్ళో తలెత్తుకోలేం కదా.

మీ అమ్మ ఆరోగ్యంగా ఉంది. సరిగ్గా తింటున్నావా లేదా అడగమంది.

మామయ్య

*

డోవర్టన్, కాన్సాస్
జూన్ 9

క్లీట్ బూటును కాపాడిన మహానుభావుడు లూథర్ మామయ్యకు,

నీ కాగితం ట్రాస్క్ చదివాడు. రెండుసార్లు చదివాడు, రెండోసారి కళ్ళద్దాలు తీసి చదివాడు. ఆ మనిషి కళ్ళద్దాలు తీశాడంటే వార్త బాగాలేదని ఇక్కడి పిల్లికి కూడా తెలుసు. తర్వాత చాలా మర్యాదగా మాట్లాడాడు. రెండో నివేదిక కూడా ఇలాగే ఉంటే చెకుముకి సంగతి వదిలేసి, డబ్బా మీద కేపు తుపాకులకని మాత్రమే అచ్చువేయిస్తాడట. చెకుముకి పరీక్షలకోసం పెట్టుకున్న మనిషితో కూడా పనుండదట. ఆ మనిషి ఎవరా అని అటూ ఇటూ చూశాను. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు.

ఇది నిన్ను ఒత్తిడి పెట్టడానికి రాయడం లేదు. ఊరికే, ఊళ్ళో కబురు చెప్పినట్టు రాస్తున్నాను.

ఈసారి పలుకులు సన్నగా ఆడించి పంపుతున్నాం, ఎండలో ఎన్నిసార్లు, వర్షంలో ఎన్నిసార్లు కాల్చాలో చెప్పి నింపమనే కాగితాలతో సహా. సన్ననివి తొందరగా అంటుకుంటాయని నా వాదం. నా వాదాలకు ఈ షెడ్డులో ఎంత గౌరవముందో నీకు చెప్పను, నీ గుండె తట్టుకోదు. కానీ రాత్రి పడుకునే ముందు ఒకటే దృశ్యం కళ్ళకు కడుతుంది మామయ్యా. కొట్టంలో నీ బల్ల, మేపుల్ చెక్క పొట్టు, గోడకు మూడు తుపాకులు, వాటికోసం ఎవరో ఒహాయోనుంచి కారేసుకుని రావడం. చిన్నప్పుడు వరసగా వచ్చేవాళ్ళు కదా. అత్తయ్య వాళ్ళందరికీ కాఫీ పోసి పోసి, "వీళ్ళు తుపాకులకు వస్తున్నారా, నా కాఫీకా" అనేది.

అమ్మకు చెప్పు, తింటున్నాను. ఏం తింటున్నానో మాత్రం చెప్పకు, ఎందుకంటే నాకూ తెలియదు.

కర్టిస్

*

హెమ్లాక్ ఫోర్క్
జులై 16

కర్టిస్,

సన్న మందు పలికింది. ప్రతిసారీ పలికింది. ఆలస్యం లేదు, పాతదానిలాగే. కాగితాలు నింపి పెట్టాను. ఎక్కడ సంతకం చెయ్యాలో అక్కడ చేశాను. పేలికలు మైనపు కాగితంలో చుట్టి వేరే పార్సిల్లో మామూలు టపాలో పంపాను, తీరిగ్గా చేరుతుంది.

ఫిరంగి బాగా మోగింది. కుక్కలన్నీ అడవిలోకి పారిపోయి మర్నాడు వచ్చాయి.

ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ ఒహాయోనుంచి ఒకాయన ఉత్తరం రాశాడు, పొడుగు తుపాకి కావాలట. చెక్క తీసి పెట్టుకున్నాను.

ఇంకేం లేవు. ఉద్యోగం జాగ్రత్త.

మామయ్య

*

డోవర్టన్, కాన్సాస్
ఆగస్టు 11

మారుమందు మహాగురువు, ఆధునిక యుగకర్త, అఖిల చెకుముకి లోకరక్షకుడు లూథర్ మామయ్య పాదాల దగ్గర,

కాన్సాస్‌లో ఈ వారం వర్షం పడింది. అది నీ ఉత్తరం వల్లే అని ఇక్కడి రైతులు అనుకుంటున్నారు, నేనూ కాదనలేదు. ట్రాస్క్ కాగితాలు చదివి కళ్ళద్దాలు తీయలేదు. పైగా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం నేను కడగడం లేదు.

ఇక విను. డబ్బాకు కొత్త అట్టబొమ్మ గీయిస్తున్నాడు. అడవిపిల్లి తోలుటోపీ పెట్టుకున్న గడ్డం మనిషి, చేతిలో పొడుగు చెకుముకి తుపాకి, వెనక కొండలు. కింద పెద్దక్షరాల్లో 'చెకుముకికి సైతం'. ఆ గడ్డం మనిషి ముక్కు మరీ అందంగా ఉంది, అది మా మామయ్య ముక్కులా లేదని అభ్యంతరం చెప్పాను. అక్టోబరులో అచ్చుకు వెళుతుంది, క్రిస్మస్ వేటకు దుకాణాల్లో ఉంటుంది. నాకు ఉద్యోగం ఖాయం చేశాడు. నీకు మేత దొరికింది, నాకూ దొరికింది.

'సన్ననివి తొందరగా అంటుకుంటాయి' అన్న నా వాదాన్ని ఇప్పుడు అందరూ గంభీరంగా తలాడిస్తూ చెప్పుకుంటున్నారు. నేను కూడా నా ముందు టోపీ తీస్తున్నాను.

ఇంతవరకు రాశాక టపావాడు వచ్చాడు. నీ పేలికల పార్సిల్. క్లీట్ చేతిరాతలా ఉంది చిరునామా, నీకు చెయ్యి నొప్పా? విప్పి చూసి రేపు రాస్తాను. ఇది ఇప్పుడే టపాలో వేస్తున్నాను, ఆలస్యమైతే నా ఆనందం పులిసిపోతుంది.

కర్టిస్

*

డోవర్టన్, కాన్సాస్
సెప్టెంబరు 13

లూథర్ మామయ్య గారికి,

పేలికలు అందాయి. రాస్తానని నెల గడిపాను, క్షమించండి. తుప్పు మరకలు కనిపించలేదు. అట్టబొమ్మ సిద్ధమైంది.

ఒక్క సంగతి అడగాలి. ఊటబావి గదిలో మీ పాత డబ్బాలో ఎంత మిగిలి ఉంది?

కర్టిస్

*

హెమ్లాక్ ఫోర్క్
సెప్టెంబరు 24

ఒరే,

మీరేంట్రా, గారేంటి? మీ అత్తయ్య పోయినప్పుడు కూడా నువ్వు నన్ను గారు అనలేదు. ఉత్తరం తిప్పి చూశాను, పోస్టాఫీసువాళ్ళు పొరపాటున వేరే లూథర్‌ది ఇచ్చారేమోనని. క్లీట్‌కి చూపించాను. "వాడికి జీతం పెరిగుంటుందిలే, నీలాంటివాళ్ళతో నడుం వంచి మాట్లాడ్డం అలవాటు చేసుకుంటున్నాడు" అన్నాడు. నేను నవ్వాను గానీ నవ్వు సరిగ్గా రాలేదు.

డబ్బాలో చాలినంత ఉంది. డబ్బా గురించి నీకెందుకు?

ఒహాయో ఆయన తుపాకి సగమైంది. చెక్కలో చారలు పులిచర్మంలా వచ్చాయి, ఇలాంటిది నా చేతికి వచ్చి ఎన్నాళ్ళయిందో. చెంప ఆనే చోట వెండిబిళ్ళ పొదగమన్నాడు, పొదిగాను. ఈ చేతులు ఇంకా పనికొస్తాయి. ఇంకొకాయన కూడా కబురంపాడు. పనుంటే మనిషికి పొద్దున్న లేవడం ఎంత తేలికో నీకప్పుడే తెలీదు. క్లబ్బులో కూడా అడుగుతున్నారు, మీవాడి డబ్బాలు ఎప్పుడొస్తాయని. క్రిస్మస్ వేటకు వచ్చేస్తాయని చెప్పాను. మా కర్టిస్ చేశాడని చెప్పాను.

బక్‌వీట్ అట్లు వేసుకున్నాను పొద్దున, మాడిపోయాయి. అవే తిన్నాను.

మనసులో ఏమైనా ఉంటే రాయి. తుపాకి గురిపెట్టి కాల్చకుండా నిలబడ్డవాడిలా ఉండకు.

మామయ్య

*

డోవర్టన్, కాన్సాస్
అక్టోబరు 6

మామయ్యా,

సరే, కాలుస్తున్నాను.

ఆ రోజు మైనపు కాగితం విప్పగానే కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది. ఒక్క క్షణం నాకు ఎంత ఆనందమేసిందో తెలుసా, కాన్సాస్ రేకుల షెడ్డులో నీ కొట్టం తలుపు తెరుచుకున్నట్టయింది. అత్తయ్య నీ చొక్కాను వరండాలోనే విప్పించి, "ఇది లోపలికొస్తే నేను బయటికి పోతాను" అనడం వినబడింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, మా మందులో గంధకం లేదని. గంధకం లేని మందుకు ఆ కంపు రాదు. రావడానికి వీల్లేదు.

నిన్ను గట్టెక్కించడానికి ఎన్ని దారులు వెతికానో. దొప్పలో వేసిన రంజకం వాసనేమో అనుకున్నాను. ట్రాస్క్ చెకుముకి తుపాకి ఒకటి తెప్పిస్తే, దొప్పలో అసలు మందు వేసి, గొట్టంలో మాది కూరి, పలికేదాకా పట్టు వదలకుండా గీకాను. చివరికి ఒక్కసారి గొణిగింది. అడుగున తుడిచిన పేలికకు ఏ వాసనా లేదు. దొప్పలోది బయటే కాలిపోతుంది. నీ పేలికలకు పట్టింది లోపల, అడుగున కాలిందే. నువ్వు ముందు అసలు మందు కాస్త పోసి, దాని మీద మాది పోశావు. అదే అంటుకుని మాదాన్ని అంటించింది.

ఆ పేలికలను ఒక సీసాలో వేసి, మూతపెట్టి, నా బల్లమీద నెలకు పైగా ఉంచాను. ట్రాస్క్ దాని మీద వంగి కూడా చూశాడు. జొన్నకోతల కాలంలో ఆయనకు ముక్కు పనిచేయదు, పొట్టు దుమ్ముకి తుమ్ముతూ, "శుభ్రంగానే ఉన్నాయే" అన్నాడు. నేను అవునన్నాను.  నిజం చెప్తున్నాను మామయ్యా, ఉద్యోగం గుర్తొచ్చి అవునన్నాను, నీ బల్ల గుర్తొచ్చి అవునన్నాను. రెంటిలో ఏది ముందో నాకే తెలియదు.

కానీ ఆ అట్టబొమ్మ చూసి డబ్బా కొనుక్కున్నవాడికి నీ ఓపిక ఉండదు. వాడి పక్కన తుపాకి దించొద్దని చెప్పే క్లీట్ ఉండడు. దొప్ప మెరిసి లోపలిది పలక్కపోతే, ఇదేమిటా అని తుపాకి తిప్పి చూసుకుంటాడు. అప్పుడు పలుకుతుంది.

గురువారం చెప్పేశాను. నా నివేదిక తప్పని మాత్రమే అన్నాను, నీ పేరు ఎత్తలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. 'చెకుముకికి సైతం' కొట్టేసి 'చెకుముకికి పనికిరాదు' అని ఎర్రక్షరాలు వేయిస్తున్నాడు. గడ్డం మనిషి చేతిలో ఇప్పుడు కేపు తుపాకి ఉంది. నాకు క్రిస్మస్‌దాకా పని. ఈ మందు చెకుముకిలో పలకదు మామయ్యా. సన్నగా ఆడించినా, ఎలా ఆడించినా పలకదు. పలికించే దారి నాకు తెలియదు, ట్రాస్క్‌కీ తెలియదు.

నీ మీద నాకు కోపం లేదు. జూన్‌లో ఆ ఉత్తరం రాసింది నేనే కదా, ఒత్తిడి పెట్టడం లేదంటూ. కనీసం నీ పాత డబ్బా ఉంది. ఈ వేటకు దాంతో వెళ్ళు.

కర్టిస్

*

హెమ్లాక్ ఫోర్క్
నవంబరు 3

కర్టిస్,

మంచిపని చేశావు. ఇది మొదట రాస్తున్నాను, మిగతాది చదివాక నువ్వు ఇంకోలా అనుకోకూడదని.

మీ అత్తయ్య కుట్టుపెట్టెలో, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుస్తాను. దాన్నిండా అసలు మందు, ప్రతిసారీ, నీ మందుకు ముందు. నీ జూన్ ఉత్తరం వచ్చాక మొదలుపెట్టాను. అంగుస్తాను అంటే ఎంత, ఇంతే కదా అనుకున్నాను. నువ్వడిగినన్నిసార్లు కాల్చాలి, కాగితాలు నిండాలి, మీవాళ్ళు నమ్మాలి. వర్షంలో ఒకటి, ఎండలో ఒకటి అన్నావు, చేశాను. మధ్యలో ఒకసారి ఉత్తదే పోసి చూశాను, ఇప్పుడైనా పలుకుతుందేమోనని. పలకలేదు. మళ్ళీ అంగుస్తాను తీశాను.

క్లీట్ చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారే నోరు తెరిచాడు. "ఒరే, పిల్లాడికి ఉద్యోగం ఇస్తున్నావు, బాగానే ఉంది. మరి నువ్వేం కాలుస్తావురా?" అన్నాడు. నువ్వు పార్సిల్ కట్టు, చిరునామా రాయి, నీ పని నువ్వు చూసుకో అన్నాను. కట్టాడు, రాశాడు. నా చెయ్యి బాగానే ఉంది. ఆ పార్సిల్ మీద నా చేత్తో రాయబుద్ధి కాలేదు.

కట్టేముందు ప్రతి పేలికా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను రా. ఏ వాసనా రాలేదు. శుభ్రంగా ఉన్నాయి, ఎవడూ పట్టుకోలేడు అనుకున్నాను. నా చేతులకు, నా చొక్కాకు, నా ఇంటికి ఆ కంపే కదా ఇన్నేళ్ళూ. నాకు గాలికీ దానికీ తేడా తెలీదు. మీ అత్తయ్య ఉంటే చెప్పేది.

డబ్బా సంగతి అడిగావు. జులైలోనే అడుగంటింది. బోర్లించి తడితే గుప్పెట్లో కాస్త దుమ్ము రాలింది. సీసాలో పోసి పెట్టాను, రెండు మూడుసార్లు రంజకానికి సరిపోతుంది. గొట్టంలోకి ఏమీ లేదు.

ఒహాయో ఆయనకు రాశాను. రెండో ఆయనకు కూడా. తుపాకి సగంలో ఉంది, ఉండనీ. క్లబ్బులో నేనే లేచి చెప్పాను, మావాడి మందు మనకు కాదని. అందరూ కుర్చీలు సర్దుకున్నారు.

మామయ్య

*

డోవర్టన్, కాన్సాస్
డిసెంబరు 15

మామయ్యా,

ఆ ఉత్తరం చదివి నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టాను. ప్రతిదాంట్లోనూ రెండో వాక్యానికి ఒక జోకు వేసి, చింపేశాను.

చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాల్లో కనిపించిన ప్రతి దుకాణానికీ ఫోను చేశాను. అసలు మందు లేదు. ఒకాయన తన దగ్గర ఉన్నట్టే మాట్లాడాడు, చెకుముకి మామయ్య కోసం అని చెబితే జాలిపడి నిజం చెప్పాడు, తన దగ్గరా లేదని. ట్రాస్క్‌ని అడిగాను. షెడ్డులో పోలికకని ఉంచుకున్న చిన్న నమూనా ఉండేదట, నేను ఆ సీసా వాసన నిజమో కాదో తేల్చుకోవడానికి కాల్చేసింది అదేనట. నీది నాకోసం నువ్వు కాల్చావు. మిగిలిన పిసరంతా నిన్ను పట్టుకోవడానికి నేను కాల్చాను.

జనవరి నుంచి విచిటాలో రంగుల ఫ్యాక్టరీలో పని. తెల్లరంగు ఎంత తెల్లగా ఉందో చూడాలి.

వేటకు వెళ్ళకు. చలి. ఇంట్లో ఉండు.

కర్టిస్

*

హెమ్లాక్ ఫోర్క్
జనవరి 14, 1985

కర్టిస్,

వెళ్ళాను. ఆ చట్టం వచ్చినప్పటినుంచి ఒక్క ఏడూ మానలేదు, ఇప్పుడు మానితే మళ్ళీ లేవలేనేమో అనిపించింది.

నీ మందే కూరాను. అంగుస్తాను ఇంట్లోనే ఉంచాను, అందులో పొయ్యడానికి ఏం లేదు కదా. దొప్పలో ఆ దుమ్ము వేశాను. క్లీట్ కింద వాగు పక్కన కూచున్నాడు, నేను పైన హెమ్లాక్ చెట్ల మధ్య. మంచు మోకాలిదాకా ఉంది. చివరిరోజు మధ్యాహ్నం ఆడజింక ఒకటి వచ్చింది. ఎంత దగ్గరకంటే, దాని ముక్కులోంచి వచ్చే ఆవిరి కనబడింది. గురిపెట్టాను. రాయి గీసింది. దొప్ప మెరిసింది, బాగా మెరిసింది, పలికిందనే నాకోసారి అనిపించింది కూడా.

తుపాకి దించలేదు. నీ ఆజ్ఞ. జింక పారిపోలేదు, అక్కడే నిలబడి నా వంక చూసింది. నేను గురిమీద, అది నా ముందు. తుపాకి బరువెక్కుతోంది, ఆ వయసు వచ్చిందిలే. పలుకుతుందేమో, ఇప్పుడు పలుకుతుందేమో అని పట్టుకునే ఉన్నాను. కాసేపటికి అది తలదించి మంచు తవ్వుకుని ఏదో తిని, నడుచుకుంటూ పోయింది. అది పోయాక కూడా దించలేదు. క్లీట్ పైకెక్కి వచ్చాడు. వాడు ఏదో ఒకటి అంటాడని కాచుకున్నాను. వాడేమో నా పక్కన నిలబడి, చేతి తొడుగు తీసి, గొట్టం కింద చెయ్యి పెట్టి బరువు పట్టాడు. "చాల్లే లూథర్, దించు" అన్నాడు.

ఇంటికొచ్చి గొట్టంలో నీళ్ళు పోసి, మరమేకు దించి గుండు లాగేశాను. మందు ముద్దగా వచ్చింది, గుమ్మం బయట మంచులో పారబోశాను. గొట్టం తుడిచి నూనె రాసి గోడకు పెట్టాను. ఒహాయో ఆయన తుపాకిని గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. బల్ల మీద పనిముట్లు మీ అమ్మ వచ్చి పెట్టెలో సర్దింది, దుమ్ము పడుతోందంది. కాదనలేదు.

అడుగున తుడిచిన పేలిక ఇందులో మడిచి పెడుతున్నాను. అలవాటైపోయింది పంపడం. నాకైతే ఏ వాసనా రాలేదు. నా ముక్కు సంగతి నీకు తెలుసు కదా. నువ్వొకసారి చూసి, ఏమైనా వస్తే రాయి.

మామయ్య